సదువుకున్న పైడి

ఫలితాల పట్టికను అంతర్జాతీయ పరీక్షల మండలివారు ఎప్పుడూ అడుగునుంచే చూపిస్తారు. ఎనభై మూడో స్థానం, ఎనభై రెండు, ఎనభై ఒకటి... ఒక్కో దేశం పేరూ తెరమీద పడుతుంటే హైదరాబాదులోని కొలమాన కేంద్రంలో అరవైమంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పదిహేనేళ్ళ పిల్లలు చదవడంలో, లెక్కల్లో, సైన్సులో ఏ దేశంలో ఎలా ఉన్నారో మూడేళ్ళకోసారి తేల్చే పరీక్ష అది. కిందటిసారి మనది డెబ్భై నాలుగో స్థానం. డెబ్భై నాలుగు దాటింది, మన పేరు రాలేదు. యాభై దాటింది, రాలేదు. ఇరవై దాటాక వెనక వరసలో ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఏడుపులా వినిపించింది. ఏడో స్థానంలో మన దేశం పేరు పడింది.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ దీక్షితులు మాత్రం లేవలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని అలాగే ఉండిపోయారు. పక్కన కూర్చున్న హైమావతికి కారణం తెలుసు. ముప్పై రెండేళ్ళ వయసులో ఆయన ఏదో దేశంలో ఒక సభకు వెళ్ళారు. అక్కడ ఒక వక్త ఇలాంటి పట్టికే చూపించి, అడుగునుంచి రెండో పేరు మీద కర్ర ఆనించి ఏదో చమత్కారం ఆడాడు. సభంతా నవ్వింది. "నేనూ నవ్వాను హైమా. నవ్వకపోతే నాది ఆ దేశమేనని తెలిసిపోతుందని నవ్వాను" అని ఆయన ఒకసారి చెప్పారు. తరవాత ముప్పై ఏళ్ళు ఆయన చేసిన ప్రతి పనికీ ఆ నవ్వే మూలం.

ఆ పనిలో సగం హైమావతిది. పిల్లలకు పరీక్ష పెట్టడం ఖర్చు, కాపీలు, గోల అని మండలి వేరే దారి వెతుకుతున్న రోజుల్లో వాళ్ళిద్దరూ కలిసి ప్రతిఛాయను తయారుచేశారు. పదకొండేళ్ళ పిల్లల చేతికి రెండు నెలలపాటు తెర ఉన్న ఒక పలక ఇస్తారు. పిల్ల ఎక్కడ తడబడింది, ఏది కొట్టేసి ఏది రాసింది, ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగింది, ఏ మాటకు నవ్వింది, అన్నీ ఆ పలక పట్టుకుంటుంది. రెండు నెలలు గడిచేసరికి ఆ పిల్ల ఆలోచించే తీరు యంత్రంలోకి వచ్చేస్తుంది. ఇక పిల్లతో పనిలేదు. యంత్రంలోని ఆ నీడకు ఆరో తరగతినుంచి పదో తరగతి దాకా పాఠాలు చెప్పి పెంచుతారు. పెంచే భాగం హైమావతి రాసింది. ఒక్కరోజు కూడా సెలవు పెట్టని టీచరు, వానకు కారని తరగతి గది, అందరికీ అందే పుస్తకాలు - అలాంటి బడి ఒకటి యంత్రంలో కట్టింది ఆమె. పదిహేనో ఏట పరీక్ష రాసేది ఆ నీడే. మండలి పరీక్షకు నీడలు కూర్చోవడం ఇదే మొదటిసారి.

మిఠాయి డబ్బా చేతులు మారుతుంటే దీక్షితులు ఆమె వైపు తిరిగారు. "సరిచూపు ఒక్కటీ అయిపోతే ఇక మనల్ని కదిలించేవాడు లేడు."

సరిచూపు అంటే, మండలి చీట్లు తీసి నలభైమంది పిల్లల పేర్లు పంపుతుంది. ఆ నలభైమంది అసలు పిల్లలకూ అదే పరీక్ష పెట్టి, వాళ్ళ నీడలు రాసినదానికి దగ్గరగా ఉందో లేదో చూపించాలి. ఇలాంటి పనులకు మామూలుగా చిన్న ఉద్యోగులు వెళ్తారు. వచ్చిన జాబితాలో ఒక పేరు చూసి హైమావతి, "ఇక్కడికి నేను వెళ్తాను" అంది.

ఆ పేరు గనగళ్ళ పైడితల్లి. విజయనగరం జిల్లా, కోనదిబ్బ అనే సముద్రపు ఒడ్డు ఊరు.

ఆ పిల్ల నీడ రాసిన ఒక జవాబు హైమావతి ఆరునెలలుగా మరచిపోలేకపోతోంది. వంకరటింకర చెరువు బొమ్మ ఇచ్చి దాని వైశాల్యం సుమారుగా ఎంతో చెప్పమన్న ప్రశ్న అది. అందరూ చెరువును పెట్టెలుగా, ముక్కోణాలుగా విడగొట్టి తంటాలు పడ్డారు. పైడితల్లి నీడ మూడు వాక్యాలు రాసింది. "చెరువు మీద వల వేసినట్టు అనుకున్నాను. నిండా నీళ్ళున్న కన్నులు లెక్కపెట్టాను. సగం సగం ఉన్న కన్నుల్ని జతలు కట్టి ఒక్కోటిగా కలిపాను." జవాబు సరిపోయింది. దాన్ని చదివి హైమావతి కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. ఇంత మంచి బుర్ర ఎక్కడిదా అనుకుంది.

ప్రయాణానికి ముందురోజు ఇంట్లో బట్టలు సర్దుకుంటుంటే కూతురు ప్రణవి వచ్చి మంచం మీద కూర్చుంది. పదో తరగతి పిల్ల. అప్పుడే ట్యూషన్ నుంచి వచ్చింది, ఇంకా బూట్లు విప్పలేదు.

"అమ్మా, నాదీ ఉంది కదా అక్కడ, ప్రతిఛాయ?"

"ఉంది."

"నాకంటే బాగా రాసిందా?"

"నేను చూడలేదమ్మా. సొంత పిల్లలవి చూడకూడదు."

"బాగానే రాసుంటుందిలే" అంది ప్రణవి. "నిరుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. నెలరోజులు బడికి పోలేదు. దానికి రాలేదుగా."

అని బూట్లు విప్పుకుంటూ వెళ్ళిపోయింది. మడత పెడుతున్న చీర హైమావతి చేతుల్లో అలాగే ఉండిపోయింది. జ్వరాల సంగతి వాళ్ళు లెక్కల్లో పెట్టలేదనేం కాదు. సగటున ఇన్ని రోజులు అని తీసేశారు. సగటు తీసేశాక ఇక మిగిలేది ఏమీ ఉండదనుకున్నారు.

*

కోనదిబ్బలో బడి కట్టడం ఉంది, బడి లేదు. తలుపుకు తాళం. వరండాలో ఎవరివో వలలు ఆరేసి ఉన్నాయి. గోడమీద అక్షరమాల వెలిసిపోయి సగం కనిపిస్తోంది. హైమావతి అక్కడే నిలబడి ఉంటే నెత్తిన నీళ్ళబిందెతో పోతున్న ఒకామె ఆగింది.

"ఏటమ్మా, ఎవుల కోసం?"

"గనగళ్ళ పైడితల్లి అని..."

"నా కూతురే." ఆమె బిందె దించింది. పేరు అప్పలనర్సమ్మ అని చెప్పింది. "ఏటి సేసినాది?"

"ఏమీ చెయ్యలేదమ్మా. బడి నుంచి వచ్చాను. అంటే, పరీక్షల ఆఫీసు నుంచి."

"బడి మూసీసి నాలుగేళ్ళు అవతంది కదమ్మా. రోడ్డవతల ఊరికి పంపమన్నారు. పదకొండు కిలోమీటర్లు. పెద్ద రోడ్డు దాటాల. ఆడగుంటనెలాగ పంపుతాను? దాన్ని కన్న బాబు గుజరాతులో వేరావల్ బోట్ల మీదున్నాడు. రొయ్యల షెడ్డుకి ఎల్తంది నాతోటి. ఇయ్యాల అదొక్కతే ఎల్లినాది."

"ఎందుకు మూశారో చెప్పారా?"

"ఈ జిల్లా పిల్లలు బాగా సదువుతున్నారంట. ఇందరు మేష్టార్లు అక్కర్నేదని లెక్కలు తేలినాయంట."

ఆ లెక్కలు ఎక్కడినుంచి తేలాయో హైమావతికి తెలుసు. ప్రతి ఏడూ నీడల మార్కులు జిల్లాలవారీగా పైకి పంపే కాగితం కింద ఆమె సంతకమే ఉంటుంది. నీడలు బాగా చదువుతున్నాయి. అందుకని బడి మూసేశారు. బడి మూసేసినా నీడలు ఇంకా బాగా చదువుతూనే ఉన్నాయి.

అప్పలనర్సమ్మ వెంట షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ. అరవై డెబ్భైమంది ఆడవాళ్ళు గోడవారన వరసగా కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. పైడితల్లి సన్నగా, పొడుగ్గా ఉంది. పొద్దుటినుంచీ ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీసిన చేతులు తెల్లగా నాని, వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. పరీక్ష అనగానే ఆ పిల్ల మొహం ఒక్కసారి వెలిగింది.

"ఆ పలక పరీచ్చేనా? నాను సిన్నప్పుడు రాసీదాన్ని."

బోర్లించిన ఒక టబ్బు మీద పలక పెట్టుకుని రాసింది. యజమాని దగ్గర హైమావతి గంటన్నర సెలవు అడిగి ఇప్పించింది. ఇరవై ప్రశ్నలు. మొదటి ప్రశ్నలో ఏడు వాక్యాలున్నాయి. రెండు ఊళ్ళకు పోయే బస్సుల టిక్కెట్ల సంగతి. పైడితల్లి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నాలుగో వాక్యం దాకా వెళ్ళి, మొదటి వాక్యం మరచిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. అలా మూడుసార్లు. చెమట తుడుచుకుంది. తరవాతి ప్రశ్నకు వెళ్ళింది. భిన్నాలు. కాసేపు చూసి దాన్నీ వదిలేసింది. హైమావతి కళ్ళు తిప్పేసుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

చెరువు బొమ్మ వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్ల ఆగలేదు. "ఇదయితే వలేసి కన్నులు లెక్కెట్టీడమే" అంది, తనలో తాను. సగం సగం ఉన్నవాటిని జతలు కట్టింది. జవాబు సరిపోయింది.

ఇరవైలో అదొక్కటే.

అప్పుడు హైమావతి చెయ్యకూడని పని చేసింది. ఎందుకు చేసిందో తరవాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమెకే తేలలేదు. పిల్ల చిన్నబుచ్చుకుని పలక తిరిగి ఇస్తుంటే, "నీకు రానివి కావు పైడీ ఇవి. చూడు" అని, నీడ రాసిన జవాబులు తీసి చూపించింది.

పైడితల్లి చాలాసేపు చూసింది. "ఇది నా రాతే" అంది. "ళ తోక నాను ఇలగే లాగుతాను." మరో జవాబు. మరొకటి. పెదవులు కదుపుతూ చదివే ప్రయత్నం చేసింది. "ఇయన్నీ ఎవులు రాసినారండీ?"

హైమావతి చెప్పింది. వీలైనంత తేలిక మాటల్లో, ఏదీ దాచకుండా చెప్పింది. నీ ఆలోచనను తీసుకున్నాం, దానికి రోజూ పాఠాలు చెప్పాం, అది పెద్దదైంది, ఇలా రాసింది.

"అంటే నాను సదువుకునుంటే ఇలగుండీదాన్నా?"

"అవును."

పైడితల్లి నవ్వింది. గర్వంగా తల్లి వైపు చూసి, "వోలమ్మా, సూడు, నాను పదో తరగతి లెక్కలు సేసినాను" అంది. తరవాత ఆ నవ్వు నెమ్మదిగా తగ్గిపోయింది. పలక మీద వేలితో గీస్తూ అడిగింది.

"మరి ఆ గుంటకి బడి ఉందేటండీ?"

"ఉంది. అది నేను కట్టిందే."

"మాకు నేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే హైమావతికి కొంచెం తేలికగా ఉండేదేమో. గంటన్నర అయిపోయిందని లోపలినుంచి యజమాని కేకేశాడు. పైడితల్లి లేవలేదు.

"దాన్ని నాకు సెప్పమనండి" అంది. "దానికి అన్నీ వొచ్చు కదా. నా బుర్రే కదా. నాకు అర్థమయ్యీలాగ దానికే తెలుస్తాది."

హైమావతి పలక అక్కడే వదిలి వచ్చింది. జవాబు రాయడమే తప్ప వివరించడం తెలియని నీడకు, తానెలా చేసిందో మెట్టు మెట్టుగా రాసి చూపించేలా రెండు రోజులు లాడ్జిలో కూర్చుని దారి వేసింది. నియమాల ప్రకారం అది పెద్ద తప్పు.

*

నలభైమందిలో ఇరవై ఎనిమిదిమంది బడిలో లేరు. ఇటుకల బట్టీలో ఒకడు, గేదెలు కాస్తూ ఇద్దరు, పెళ్ళయి అత్తవారింట్లో ముగ్గురు. బడిలో ఉన్న పన్నెండుమంది నీడలకు దగ్గరగానే రాశారు. హైమావతి కాగితాలు తీసుకెళ్ళి దీక్షితులు బల్లమీద పెట్టింది. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ఎక్కడా ఆశ్చర్యపోలేదు, అదే ఆమెను భయపెట్టింది.

"నియమంలో ఒక వెసులుబాటుంది హైమా. పిల్ల అందుబాటులో లేకపోతే ఇంకో పేరు అడగచ్చు. బడిలో లేనివాళ్ళు అందుబాటులో లేనట్టే."

"అందుబాటులోనే ఉంది సార్. రొయ్యలు ఒలుస్తోంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు తెలియదని కాదు, అయినా చెబుతున్నాను. సరిచూపులో తప్పితే మండలి ఫలితం కొట్టేస్తుంది. ప్రతిఛాయలన్నీ చెరిపేయమంటుంది. పదహారు లక్షలు. అవి మన పిల్లలు హైమా. ఈ దేశపు పిల్లలకు ఎంత బుర్ర ఉందో లోకానికి చూపించిన సాక్ష్యం అవొక్కటే. అవి అబద్ధమా? నువ్వు చెప్పు. ఆ చెరువు లెక్క అబద్ధమా?"

"కాదు సార్."

"మరి?"

హైమావతి కాగితాలు తీసుకుని తన గదిలో సొరుగులో పెట్టుకుంది. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అనుకుంటూ రోజులు గడిపింది. అలా గడపడానికి ఇంకో కారణం ఉంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కోనదిబ్బ షెడ్డు దగ్గర అన్నాల బెల్లు కొట్టగానే ఆమె తెరమీద చిన్న పచ్చచుక్క వెలిగేది. పైడితల్లి పలక తెరిచిందన్నమాట. అరగంట పాఠం. ఆమె తన డబ్బా తెరవకుండా అదే చూస్తూ కూర్చునేది.

ఒకే చేతిరాతలో ఇద్దరు మాట్లాడుకునేవారు. ఒకటి గబగబా, సాఫీగా. రెండోది వంకరగా, తప్పులతో.

"సగంలో సగం అంటే ఏటి" అని వంకర రాత.

"గంపెడు రొయ్యలు అమ్మా నువ్వూ పంచుకున్నారు. నీ వాటాని మళ్ళీ చెల్లితో పంచుకున్నావు. ఇప్పుడు నీకెంత?"

"నాకు సెల్లి నేదు."

"ఉందనుకో."

కాసేపు ఖాళీ. తరవాత, "గంపలో నాలుగో వొంతు." దాని పక్కన చిన్న చేప బొమ్మ. నీడ కూడా జవాబుగా చేప బొమ్మ వేసింది. అలా వెయ్యమని దానికి ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్ళప్పుడు పైడితల్లికి లెక్క కుదిరినప్పుడల్లా చేప వేసే అలవాటుండేది, అది అందులో ఉండిపోయింది.

నెల తిరిగేసరికి పైడితల్లి ఏడు వాక్యాల ప్రశ్న చివరిదాకా చదవగలిగింది. మూడు నెలలకు ఎనిమిదో తరగతి లెక్కల్లోకి వచ్చింది. "సదువుకున్న పైడి ఇయ్యాల కోప్పడినాదండీ, కూడికా తీసివేతా గుర్తులు మర్సిపోతన్నానని" అని ఫోనులో చెప్పి కిలకిలా నవ్వేది. దాన్ని అలాగే పిలిచేది, సదువుకున్న పైడి అని. ఇంతకాలం తాను చేసిన పనిలో ఎవరికైనా సూటిగా ఉపయోగపడింది ఇదొక్కటేనని హైమావతికి అనిపించేది. అనిపించిన మరుక్షణం సొరుగులోని కాగితాలు గుర్తొచ్చేవి.

నాలుగో నెలలో ఒక జాబితా వచ్చింది. ఏడో ర్యాంకు ఆధారంగా వచ్చే ఏడాది మూయబోయే బడులు, నాలుగు వందల పన్నెండు. జిల్లా లెక్కలు సరిచూసి సంతకం పెట్టమని ఆమెకే పంపారు. ప్రతి బడి పేరు పక్కనా పిల్లల సంఖ్య ఉంది. పంతొమ్మిది. ముప్పై ఒకటి. పద్నాలుగు. ఆమె కూడుతూ కూడుతూ మధ్యలో ఆపేసింది.

ఆ రోజు ఒంటిగంట పాఠం అయ్యేదాకా ఆగింది. పైడితల్లి చేప బొమ్మ వేసి పలక మూసింది. పచ్చచుక్క ఆరిపోయింది. హైమావతి సొరుగు తెరిచి, నలభైమంది కాగితాలనూ మండలికి పంపేసింది.

*

ఆ తరవాత జరిగినవి ఆమె అనుకున్నట్టు కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. మండలి ఫలితం కొట్టేసింది. పట్టికలో ఏడో స్థానం పక్కన గీత పెట్టారు. ఇది దేశానికి జరిగిన అవమానమని, ఇకమీదట ఈ పరీక్షల్లో మనం పాల్గొనబోమని పైవాళ్ళు ప్రకటించారు. నాలుగు వందల పన్నెండు బడుల మూత నిలిచిపోయింది. అంతకుముందే మూసినవి తెరుస్తారా అని హైమావతి మూడు ఉత్తరాలు రాసింది. పరిశీలిస్తున్నామని ఒకదానికి జవాబు వచ్చింది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. దీక్షితులు తానే మానేశారు. చివరిరోజు మెట్లమీద ఎదురుపడితే ఆయన ఆమెను తిట్టలేదు. "నా పేరు మీద మళ్ళీ నవ్వుతారనుకుంటున్నావా? ఆ భయం పోయింది. పదహారు లక్షలమందిని మళ్ళీ పదకొండేళ్ళ దగ్గరే ఆపేశాం కదా, అదే..." అని వాక్యం పూర్తి చెయ్యకుండా దిగి వెళ్ళిపోయారు.

చెరిపేయడానికి మండలి ఒక తేదీ పెట్టింది. సాయంత్రం ఆరు గంటలకు. పైడితల్లి దగ్గరున్న పలకను ముందే ఆపేయమని కేంద్రంవాళ్ళు అడిగారు. ఆ ఒక్కదాన్నీ చివరి నిమిషం దాకా ఉంచమని హైమావతి బతిమాలుకుంది. పాత స్నేహం కొద్దీ ఒప్పుకున్నారు.

ఆ తేదీన పొద్దున్నే ఆమె కోనదిబ్బలో దిగింది. ఫోనులో చెప్పే ధైర్యం లేక వచ్చింది. అప్పలనర్సమ్మ ఇంటి ముందు పీట వేసింది. పైడితల్లి షెడ్డుకు బయల్దేరుతూ ఆగింది. సాయంత్రం ఆరింటికి నీడను చెరిపేస్తారని హైమావతి చెప్పింది. మండలికి కాగితాలు ఎవరు పంపారో, ఎందుకు పంపారో కూడా చెప్పింది.

పైడితల్లి చేతిలోని అన్నం డబ్బా కింద పెట్టింది. "మీరు పంపకపోతే అది ఉండీదా?"

"ఉండేది."

"మరి ఆ బడులు మూసీద్దురా?"

"మూసేవారు."

"అక్కడా నాలాంటి గుంటలుంటారు కదండీ" అంది. మళ్ళీ నెమ్మదిగా, "మీరు పంపకపోతే బాగుండీది" అంది. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంది. అప్పలనర్సమ్మ కూతుర్ని మందలించబోయి, కూతురి మొహం చూసి ఊరుకుంది.

"దానికి తెల్సా?" అని అడిగింది పైడితల్లి.

"తెలియదు. అలాంటివి తెలిసేట్టు మేం దాన్ని చెయ్యలేదు."

"సెప్పకండి అయితే."

ఆ రోజు షెడ్డు మానేసింది. సంతలో కొన్న లావుపాటి నోటుపుస్తకం తెచ్చుకుని గడపలో కూర్చుంది. తొమ్మిదో తరగతి పాఠాలు మొదటినుంచి చెప్పమని పలకను అడిగింది. సదువుకున్న పైడి రాయడం మొదలుపెట్టింది. ఆ రాతను ఈ పైడి నోటుపుస్తకంలోకి దించుకుంటూ పోయింది. అర్థం చేసుకోవడానికి ఆగలేదు, తరవాత చూసుకోవచ్చని. మధ్యాహ్నానికి పగిలిన వేళ్ళనుంచి నెత్తురు కాగితానికి అంటింది. తల్లి గుడ్డ పేలిక చుట్టింది. అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. ఎండ గడపలోకి వస్తే హైమావతి పలకకు నీడగా తన చీరచెంగు పట్టుకుని కూర్చుంది. పలక మీదా పుస్తకంలోనూ ఒకే ళ, ఒకే పొడవైన తోక.

అయిదున్నర దాటాక పైడితల్లి దించుకోవడం ఆపేసింది. "ఒక్కటి మాత్తరం నాకు తెలిసీదాకా సెప్పించుకుంటాను" అంది. పుస్తకంలో వెనక్కి తిప్పి, ఎక్కడో రాసుకున్న లెక్క పట్టుకుంది. రెండు తెలియని సంఖ్యలు, వాటి మొత్తం తెలుసు, తేడా తెలుసు, ఒక్కోటీ ఎంత అని. నాకు ఇది తెల్దు అని పలక మీద రాసింది.

"రెండు పడవలు అనుకో" అని పలక రాసింది. "ఒకదానిలో ఎక్కువ చేపలున్నాయి, ఒకదానిలో తక్కువ. రెండిట్లో కలిపి నలభై. ఎక్కువున్న పడవలోంచి ఎనిమిది తీసి ఇసకలో పెట్టేశాం. అప్పుడు రెండు పడవలూ సమానం. ఇప్పుడు"

అక్కడితో ఆగింది. తెర కాసేపు అలాగే ఉండి, తెల్లబడిపోయింది. హైమావతి గడియారం చూడలేదు, చూడక్కర్లేదు.

పైడితల్లి పలకను చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఎదురుచూసింది. ఒకసారి వేలితో తట్టింది. తరవాత దాన్ని జాగ్రత్తగా నేలమీద పెట్టి, నోటుపుస్తకం దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు" అన్న మాట దాకా రాసుకుంది.

"నేను చెబుతాను" అంది హైమావతి. దగ్గరికి జరిగి, పెన్ను తీసుకుని, ఒకదాన్ని ఎక్స్ అనుకో, ఇంకోదాన్ని వై అనుకో అని మొదలుపెట్టింది. రెండు సమీకరణాలు రాసింది. కూడింది. పైడితల్లి కాగితం వైపు చూసింది, ఆమె మొహం వైపు చూసింది. హైమావతి కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పడవలతోనే చెబుదామని చూసింది. ఎక్కువున్న పడవ, తక్కువున్న పడవ, ఇసకలో ఎనిమిది చేపలు. మాటలు అవే. అయినా ఎక్కడో మధ్యలో ఎక్స్ వచ్చి కూర్చుంది. ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. మూడోసారి ఇంకా నెమ్మదిగా, ఒక్కో మెట్టూ విడమరచి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు నిండి, అంకెలు కనపడటం మానేశాయి.

పైడితల్లి ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"తెలిసిందండీ" అంది.

పిల్లలకు తెలిసిందో లేదో కొలవడమే ఇరవై ఏళ్ళుగా హైమావతి పని. ఆ పిల్ల మొహంలోకి చూసింది. తెలియలేదు. తాను బాధపడకూడదని అలా అంది, అంతే.

"మంచిది తల్లీ" అంది హైమావతి.